ఖాళీ గడిలో గీత

గేటు దగ్గర సందర్శకుల ఫారం నింపుతుంటే ఇంజనీరు నా భుజం మీంచి తొంగిచూసి నవ్వాడు.

"మళ్ళీ గీతలు మొదలుపెట్టారా మేడమ్?"

ఫారంలో వాహనం నంబరుకు ఒక గడి, వెంట తెచ్చిన సామానుకు ఒక గడి ఉన్నాయి. నేను బస్సులో వచ్చాను. సామాను లేదు. రెండు గడుల్లోనూ కింది మూల నుంచి పై మూలకు ఒక్కో ఏటవాలు గీత కొట్టాను. పద్నాలుగేళ్ళు మందుల పరీక్షల ల్యాబ్‌లో కాగితాల మీద పనిచేసిన చేతికి ఖాళీ గడి కనిపిస్తే దురద పుడుతుంది. వదిలేస్తే తర్వాత ఎవరైనా అందులో ఏదైనా రాసెయ్యొచ్చు, అందుకని గీత కొట్టి మూసెయ్యాలి. ల్యాబ్ వదిలి సైబర్ సెక్యూరిటీలోకి వచ్చి మూడేళ్ళయింది. ఉద్యోగం మారింది గానీ దురద మారలేదు.

ఇంజనీరు తన ఫారం మీద పేరు రాసి, సంతకం గిలికి, తక్కినవన్నీ ఖాళీగా వదిలేసి ముందుకు నడిచాడు. మా ఆఫీసులో ఇంజనీర్లు ఇంకో పదిమంది ఉన్నారు, కానీ ఆ మాట అంటే ఈయనే. పదేళ్ళ వయసులోనే ఇంట్లో కంప్యూటర్ విప్పి మళ్ళీ బిగించాడట. నేను మొదటి ప్రోగ్రాం రాసేసరికి నాకు ముప్పై ఏడు. కీబోర్డు మీద ఆయన వేళ్ళు పరుగెత్తుతుంటే నాకు కన్ను కుట్టేది, ఇప్పటికీ కుడుతుంది, దాచుకోవడం దేనికి. ఆయనకు నా మీద ఉన్న మంట అంతకంటే రెండు పాళ్ళు ఎక్కువ. పోయినేడు ఆయన చేతులెత్తేసిన రెండు కేసులు నేను తేల్చాను. అప్పటి నుంచి నన్ను 'కెమిస్ట్రీ మేడమ్' అని పిలవడం మొదలుపెట్టాడు, నలుగురు ఉన్నప్పుడు మరీ ముద్దుగా.

టైము పదకొండూ ఇరవై. ల్యాబ్ మేనేజరు మమ్మల్ని నిలబెట్టే విషయం చెప్పేశాడు.

మంగళవారం కంటి చుక్కల మందు ఒక బ్యాచ్ పరీక్షకు వచ్చింది. దాని పీహెచ్, అంటే పులుపూ క్షారం తూచే అంకె, 7.2కీ 7.6కీ మధ్య ఉండాలి. పన్నెండూ నలభైకి కొలిస్తే 7.92 వచ్చింది. అంటే బ్యాచ్ పనికిరాదు. ఒంటిగంటా పన్నెండుకి ఎవరో కంప్యూటర్‌లో ఆ 7.92ని 7.40 చేశారు. రెండూ ఐదుకి రెండో పరీక్షలో విషయం బయటపడింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ మందు జనం కళ్ళలో పడేది.

"మార్చింది ఎవరి లాగిన్‌తో?" అడిగాను.

"కొలిచిన అమ్మాయి లాగిన్‌తోనే. ఇక్కడ అందరూ దాన్ని హ్యాకరమ్మ అంటారు. భోజనాల టైములో సైబర్ సెక్యూరిటీ పాఠాలు చదువుకునేది లెండి. చదివి చదివి ఉద్యోగం కూడా కొట్టింది. సోమవారం కొత్త కంపెనీలో చేరాలి." మేనేజరు గడియారం చూసుకున్నాడు. "ఆ కంపెనీ వాళ్ళు దీని గురించి కనుక్కోవడానికి మూడున్నరకి నాకు ఫోన్ చేస్తారు. మీ రిపోర్టు మూడింటికల్లా నా చేతిలో ఉండాలి. తప్పు దానిదే అయితే వాళ్ళకీ చెప్తాను, పోలీసులకీ చెప్తాను."

"అంత టైము అక్కర్లేదు సార్," అన్నాడు ఇంజనీరు. "లాగిన్ ఆమెది. పాస్‌వర్డ్ ఆమెకొక్కదానికే తెలుసు. ఇంకేం కావాలి?"

మీటింగ్ గదిలో ఆ అమ్మాయిని కూర్చోబెట్టాం. ఇరవై ఆరేళ్ళుంటాయి. గోళ్ళు పొట్టిగా కత్తిరించుకుంది, జుట్టు ఒక్క పాయ బయటికి రాకుండా కట్టుకుంది. ల్యాబ్ పిల్ల అని ఎవరైనా చెప్పేస్తారు. దాన్ని చూడగానే నాకు జాలి కలగాలి. కలగలేదు. నేను ముప్పై ఏడులో పడీ లేచీ దాటిన గోడని ఇది ఇరవై ఆరులో దాటేసింది. తప్పు దీనిదే అయితే బాగుండునని నా లోపల ఎవరో అన్నారు. అది నా గొంతే.

వాంగ్మూలం ఫారం ముందుకు తోశాను. నేనే తయారుచేసుకున్న ఫారం అది, పది గడులు ఉంటాయి. అది ఆరు నింపి, నాలుగు వదిలేసి, నాకిచ్చింది.

"మంగళవారం ఒంటిగంటా పన్నెండుకి ఎక్కడున్నావు?"

"త్రాసు గదిలో మేడమ్. పొడి తూస్తున్నాను."

"సాక్ష్యం?"

"త్రాసు చీటీ ఇస్తుంది కదా, టైముతో సహా. నా నోట్‌బుక్‌లో అతికించాను."

ఇంజనీరు ఆ నోట్‌బుక్ అప్పటికే తిప్పేశాడు. "ఒక చీటీ ఒంటిగంటా ఎనిమిదికి. తర్వాతది ఒంటిగంటా పదిహేడుకి. నడుమ తొమ్మిది నిమిషాలు. ఏం చేశారమ్మా తొమ్మిది నిమిషాలు?"

"పళ్ళెంలో పొడి ఒలికింది సార్. త్రాసు తుడిచి, మళ్ళీ సున్నా చేసి..."

"ఎవరైనా చూశారా?"

"త్రాసు గదిలోకి ఒక్కరే వెళ్ళాలి. రూలు."

"మంచి రూలు." ఆయన ఇంకో కాగితం బల్ల మీద పెట్టాడు. "ఇది మీ అరలో దొరికింది. ల్యాబ్ సిస్టమ్‌లో లోపాలు అని పైన రాశారు. ఒకటి, లాగిన్ అయి లేచి వెళ్ళిపోయినా కంప్యూటర్ తాళం పడదు. రెండు, పాత పాస్‌వర్డ్‌లు మార్చమని ఎవరూ అడగరు. మొత్తం ఏడు. మీ చెయ్యేనా?"

"నాదే. ప్రాక్టీస్ కోసం రాసుకున్నా. పోయే ముందు మేనేజరు సార్‌కి ఇద్దామని."

"ఇచ్చే ముందు ఒకసారి చేసి చూపిద్దామని కూడా అనుకుని ఉంటారు. కొత్త కంపెనీలో చెప్పుకోడానికి గొప్పగా ఉంటుంది."

ఆ అమ్మాయి ఆ కాగితం వెనక్కి తోసింది. నా వైపు తిరిగి అంది. "మీరూ ల్యాబ్ నుంచే వచ్చారంట కదా మేడమ్. చెప్పండి, చదువుకోడానికి నేను రోగుల కళ్ళతో ఆడుకుంటానా?"

"నేను ప్రశ్నలడగడానికి వచ్చాను," అన్నాను. పొడిగా అన్నాను. బయటికి వచ్చాక ఆ పొడితనం నాకే గుచ్చుకుంది.

పరికరాల గది చూద్దామన్నాను. త్రాసు గది నుంచి పీహెచ్ మీటరు, దాని పక్కనున్న కంప్యూటర్ దాకా నలభై రెండు అడుగులు. కోటు మార్చుకుని, చేతులు కడుక్కుని, నడిచి, అంకె మార్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళడానికి నాకు ఏడు నిమిషాలు పట్టింది. తొమ్మిదిలో ఏడు పోగా ఇంకా రెండు మిగిలాయి. ఇంజనీరు ముఖంలో పండగ.

మీటరు పక్కన సీసాలో, కొలవడానికి ముంచే కడ్డీ, ఎలక్ట్రోడ్, నానుతోంది. సీసా మీద లేబుల్ ఉంది. పొటాషియం క్లోరైడ్, అణుభారం 74.55. నేను ఆ అమ్మాయిని పిలిచి లేబుల్ మీద వేలు పెట్టాను.

"నీ పాస్‌వర్డ్ ఇదేనా?"

దాని ముఖం కందిపోయింది. "మీకెలా తెలుసు?"

"రోజూ కళ్ళ ముందు ఉండే ఉప్పు పేరు, పక్కన దాని భారం. ల్యాబ్ వాళ్ళలో సగం మందికి అదే పాస్‌వర్డ్. అక్షరాలూ ఉంటాయి, అంకెలూ ఉంటాయి, నడుమ చుక్క కూడా ఉంటుంది. మనం మహా తెలివైనవాళ్ళం అనుకుంటాం. సెక్యూరిటీ చదివినదానివి, మార్చాలని తోచలేదా?"

"వెళ్ళిపోతున్నా కదా అని..." అని నీళ్ళు నమిలింది.

దాన్ని తిట్టే అర్హత నాకు లేదు. చేరిన కొత్తలో నా పాస్‌వర్డ్ కూడా ఒక ఉప్పే. ఆఫీసులో ఒకసారి ఇంజనీరు ముందే నవ్వులాటకి బయటపెట్టేసి, మర్నాడే మార్చాను. ఉప్పు మార్చాను, పద్ధతి మార్చలేదు.

ఇంజనీరు ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే అన్నాడు. "పాస్‌వర్డ్ సీసా మీద ఉంటే ల్యాబ్‌లో ఎవరికైనా తెలుస్తుందనేనా మీ వాదన? తెలియడం వేరు మేడమ్, వాడటం వేరు. వాడటానికి ఎవరికి పనిబడింది?"

ప్రశ్న మంచిదే. అందుకే నాకు ఒళ్ళు మండింది.

మార్పుల చిట్టా తెరిచాను. ఈ సిస్టమ్‌లో అంకె మారితే పాతదీ, కొత్తదీ, టైమూ వాటంతటవే నమోదవుతాయి. వాటి కింద కారణం అని ఒక గడి, వివరణ అని ఒక గడి, తనిఖీ నంబరు అని ఒక గడి వస్తాయి. నింపితే నింపొచ్చు, లేకపోతే లేదు. ఒంటిగంటా పన్నెండు నాటి మార్పు కింద మూడు గడుల్లోనూ ఒక్కటే గుర్తు ఉంది.

ఏటవాలు గీత.

"టైపింగ్‌లో వేలు జారింది," అన్నాడు ఇంజనీరు.

"మూడుసార్లా?"

ఆ అమ్మాయి పేరు మీద గత ఆరు నెలల్లో ఉన్న మార్పులన్నీ తీశాను. రెండు వందల పదకొండు. కారణం ఉన్నచోట కారణం రాసింది, లేనిచోట వదిలేసింది. ఒక్క గీత లేదు. అది వచ్చేసరికే ఈ ల్యాబ్‌లో కాగితం ఫారాలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. ఖాళీ గడి అంటే భయం దానికి ఎవరూ నేర్పలేదు. పొద్దున్న నేనిచ్చిన ఫారంలో కూడా నాలుగు గడులు అలాగే వదిలేసింది.

దొంగపని చేస్తూ కూడా గడి ఖాళీగా వదలలేని మనిషి ఒకరున్నారు ఇక్కడ. ఎవరో కనుక్కోవడం పెద్ద పని కాదు. మార్చిన గంటలోనే తప్పు బయటపడటం కూడా మరీ కుదిరినట్టుంది. రెండో పరీక్ష చేసి తప్పు పట్టుకున్నది ఎవరని మేనేజరుని అడిగాను.

"మా పెద్దక్క. అందరికంటే సీనియరు. ఆమె వల్లే బతికిపోయాం."

పెద్దక్క తలుపు తోసుకుని లోపలికి రాగానే గుర్తుపట్టాను. పాత ల్యాబ్‌లో పదకొండేళ్ళు ఆమె బల్లా నా బల్లా పక్కపక్కన ఉండేవి. నేను కంప్యూటర్ పరీక్షలకు చదువుతున్న రోజుల్లో నా షిఫ్టులు కూడా తనే చేసింది. ఖాళీ గడి వదిలానని తనిఖీకి వచ్చిన ఒకాయన నా నోట్‌బుక్ నేలకేసి కొట్టిన రోజు మేమిద్దరం ఒకరి పక్కన ఒకరం నిలబడి తిట్లు తిన్నాం. ఉద్యోగం మారాక ఆమెకి నేను ఒక్క ఫోన్ చేయలేదు. ఇక్కడికి మారిందని కూడా నాకు తెలియదు.

"బాగున్నావా?" అంది. "చాలా పెద్దదానివి అయిపోయావని విన్నాను."

"మీకు పరిచయమా?" ఇంజనీరు కళ్ళు మెరిశాయి. "అయితే ఈవిడని ప్రశ్నలడగడం మీకు కుదరదు మేడమ్. రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తారు. నేను అడుగుతాను."

"మీకు మూడు గీతలే అర్థం కాలేదు. ఈవిడ ఏం అర్థమవుతుంది? అయిదు నిమిషాలు బయట ఉండండి."

"ఇది నేను రాసి పెట్టుకుంటాను."

"పెట్టుకోండి. గడులన్నీ నింపండి."

ఆయన పళ్ళు నూరుకుంటూ వెళ్ళిపోయాడు. మా ఆఫీసు ఖాతాలు ఏ కంప్యూటర్ నుంచైనా తెరుచుకుంటాయన్న సంగతి అప్పుడు నాకు గుర్తు రాలేదు. రెండూ పది అయింది.

తలుపు మూసి, వాంగ్మూలం ఫారం ఆమె ముందు పెట్టాను. ఆమె పేరు రాసింది, హోదా రాసింది, ఎన్నేళ్ళ నుంచి పనిచేస్తోందో రాసింది. ఇంటి ఫోన్ నంబరు లేదు. కలం తనంతట తానే కింది మూల నుంచి పై మూలకు వెళ్ళింది. సగంలో ఆమె చెయ్యి ఆగింది. గీత వైపు చూసింది, నా వైపు చూసింది.

"చిట్టాలో అది ఉందా?" అంది.

"మూడు ఉన్నాయి అక్కా."

ఆమె కలం కింద పెట్టింది. బుకాయించలేదు. "అంత జాగ్రత్తగా చేశాను. గ్లవ్స్ వేసుకున్నాను. అది త్రాసు గదిలోకి వెళ్ళేదాకా ఆగాను. చివరికి ఇదా."

"మందు బయటికి పోతే?"

"పోనిస్తానా? అందుకే కదా రెండో పరీక్ష నేను తీసుకుంది. గంటలో నేనే మార్చాను, నేనే పట్టుకున్నాను. ఎవరి కంటికీ ఏమీ కాకూడదు. దాని ఉద్యోగం ఒక్కటే పోవాలి."

"ఎందుకు?"

"ఎందుకని నువ్వు అడుగుతున్నావా?" ఆమె నవ్వింది, ఆ నవ్వులో నవ్వు లేదు. "ఆ పాఠాలు నేనూ చదివాను. భోజనాల టైములో దాని పక్కనే కూర్చుని, అది చెప్తే నేర్చుకున్నాను. నిజం చెప్పాలంటే బాగా చెప్తుంది. నాకు నలభై మూడు. దానికి పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు, ఇంటికెళ్ళి నాలుగు గంటలు చదువుకోగలదు. నేను పిల్లాడి లెక్కలు చూసి, అత్తగారి మందులు చూసి, కుక్కర్ పెట్టి, దాని విజిల్స్ మధ్య చదివాను. అయినా ఆన్‌లైన్ పరీక్షలో దానికంటే నాకే నాలుగు మార్కులు ఎక్కువొచ్చాయి. ఉద్యోగం దానికి వచ్చింది. మిఠాయి డబ్బా తెచ్చి మొదటిది నా నోట్లోనే పెట్టింది. మింగలేక చచ్చాను."

ఆ మిఠాయి రుచి నాకూ తెలుసు. పొద్దున్న ఆ అమ్మాయిని చూసినప్పుడు నా నోట్లో ఉన్నది అదే.

"దాని మీద కంటే నీ మీదే నాకు ఎక్కువ కడుపుమంట," అంది పెద్దక్క. "అది పరాయిది. నువ్వు నాదానివి. నీ షిఫ్టులు నేను చేశాను. మీ కంపెనీకి మూడుసార్లు దరఖాస్తు పెట్టాను. మూడుసార్లూ నువ్వే కొట్టేశావు."

"నేనా?"

"ఫోన్ చేసి అడుక్కుంటాననుకున్నావా?" చేతిసంచిలోంచి మడతలు పడిన మూడు కాగితాలు తీసి బల్ల మీద పడేసింది. "చివరిది పోయిన నెల. చదువు. ల్యాబ్ నేపథ్యం మాత్రమే, ఈ పనికి తగరు. కింద ఎవరి పేరు?"

కింద నా పేరు ఉంది. నా లాగిన్ నంబరు ఉంది. దరఖాస్తులు చూసి అభిప్రాయం రాసే ఫారం అది, మా ఆఫీసులో నేనూ ఇంజనీరూ మాత్రమే నింపుతాం, నకలు దరఖాస్తు పెట్టినవాళ్ళకి పోతుంది. అర్హతల గడి ఖాళీ. పరీక్ష మార్కుల గడి ఖాళీ. సిఫార్సు గడి ఖాళీ. మూడు కాగితాల్లోనూ తొమ్మిది గడులు తెల్లగా పళ్ళికిలించి చూస్తున్నాయి.

"అక్కా, నేను ఖాళీ గడి వదులుతానా?"

ఆమె కాగితం దగ్గరికి లాక్కుంది. ఒకటి చూసింది. రెండోది చూసింది. మూడోదాంట్లో ఖాళీ గడుల మీద వేలు పెట్టింది.

"నీ పేరుంది కదే," అంది, గొంతు తగ్గించి.

"నువ్వు మార్చినదాని కింద ఆ అమ్మాయి పేరు లేదా?"

ఆమె ముఖం చేతుల్లో దాచుకుంది. అంతలో మేనేజరు తలుపు తట్టి లోపలికి తల పెట్టాడు. మొహం తేలిగ్గా ఉంది.

"థాంక్స్ మేడమ్. రిపోర్టు అందింది. మూడింటికంటే ముందే పంపించారు. ఆ అమ్మాయేనని ఇంత సూటిగా రాస్తారనుకోలేదు. ఇంజనీరు గారు కూడా అదే అన్నారు, మేడమ్ తేల్చేశారు, ఇక నాకు పని లేదని వెళ్ళిపోయారు."

"రిపోర్టు ఎవరి పేరుతో ఉంది?"

"మీ పేరుతోనే." ఆయన చేతిలోని కాగితం ఇటు తిప్పాడు. సాక్షుల గడి ఖాళీ. అభ్యంతరాల గడి ఖాళీ.

జేబులో నా ఫోన్ కదిలింది. నా ఆఫీసు ఖాతా పాస్‌వర్డ్ మారిందని, మార్చింది నేను కాకపోతే వెంటనే తెలపమని సందేశం. తెలపడానికి లాగిన్ కావాలి. ఇక నేను ఆ రిపోర్టు వెనక్కి తీసుకోలేను, ఇంకోటి పంపలేను. రేపు నిజం బయటపడితే అమాయకురాలి ఉద్యోగం తీసిన కెమిస్ట్రీ మేడమ్‌ని నేనే అవుతాను. మూడున్నర ఫోన్‌కి ఇంకా గంట ఉంది.

"సార్, ఇది నేను రాయలేదు," అన్నాను. "ఒక్క అయిదు నిమిషాలు ఇక్కడే కూర్చోండి. అక్కా, ఫారం పూర్తి చెయ్యి. ఇదొక్కటే ఎవరి పాస్‌వర్డ్‌కీ లొంగనిది."

"రాస్తే నా పని అయిపోతుంది," అంది పెద్దక్క.

"అవును."

"నా పిల్లాడికి ఏం చెప్పను?"

కలం ఆమె దగ్గరికి జరిపాను. ఆమె కోటు చేత్తో కళ్ళు తుడుచుకుని, పాత ల్యాబ్‌లో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో రాసింది. మంగళవారం, ఒంటిగంటా పన్నెండు నిమిషాలు, 7.92ని 7.40గా మార్చినది నేనే. ఆ అమ్మాయికి ఏ సంబంధమూ లేదు. టైము వేసింది, సంతకం పెట్టింది. మేనేజరు ముందుకు వంగి ఆ వాక్యాలు రెండోసారి చదివాడు.

ఫారంలో చివర ఒక గడి మిగిలింది, 'తప్పును సమర్థించే కారణాలు'.

"ఇందులో ఏం రాయమంటావు?" అంది. కుక్కర్ విజిల్స్, నలభై మూడేళ్ళు, నా పేరున్న మూడు కాగితాలు అన్నీ ఆ గడిలో పడతాయి. నేను అదే చెప్పబోయాను.

ఆమె నా జవాబు కోసం ఆగలేదు. కింది మూల నుంచి పై మూలకు గీత కొట్టి, ఫారం నా చేతిలో పెట్టింది.